పేరు ఒకటే, మనిషి వేరు: ఒక బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఫైలు, రెండు కోర్టు రికార్డులు

ఇది ఏ ఒక్కరి కేసూ కాదు. హైదరాబాద్‌లో ఐటీ, ఫైనాన్స్ కంపెనీలు చేయించే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో తరచూ తగిలే రెండు చిక్కుల్ని ఒకే ఫైలుగా కలిపి రాశాం. మనుషుల వివరాలు కల్పితం. చట్టం, కోర్టుల పద్ధతి, కాగితాల దారి మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఫైలు

అభ్యర్థికి 31 ఏళ్లు. సొంతూరు హనుమకొండ. ఎనిమిదేళ్లుగా కూకట్‌పల్లి, నిజాంపేట వైపు అద్దె ఇళ్లలో ఉంటున్నాడు. గచ్చిబౌలిలోని ఒక కంపెనీలో పేమెంట్స్ ఆపరేషన్స్ ఉద్యోగానికి ఆఫర్ లెటర్ వచ్చింది. జాయినింగ్‌కు ఇంకా 12 రోజులుంది, పాత కంపెనీలో రిలీవింగ్ అయిపోయింది. ఆ సమయంలో హెచ్ఆర్ నుంచి ఫోన్: "మీ మీద కోర్టు కేసులున్నాయని రిపోర్టు రెడ్ వచ్చిందండీ. ఫారంలో మీరు లేవని రాశారు కదా?" అంతే. కాగితం ఏమీ పంపలేదు. రెడ్ అంటే అభ్యర్థి మీద అభ్యంతరం ఉందని ఏజెన్సీ వేసే రంగు గుర్తు.

ఏజెన్సీ రిపోర్టులో ఉన్నవి రెండు ఎంట్రీలు. మొదటిది కూకట్‌పల్లి కోర్టులో 2021లో రిజిస్టరైన సీసీ (క్యాలెండర్ కేసు, అంటే చార్జిషీట్ మీద మేజిస్ట్రేట్ కోర్టులో నడిచే క్రిమినల్ కేసు), ఐపీసీ 406 (నమ్మకద్రోహం), 420 (మోసం) సెక్షన్లు, పెండింగ్. రెండోది హనుమకొండ కోర్టులో 2018 సీసీ, ఐపీసీ 323, 506, స్టేటస్ దగ్గర "డిస్పోజ్డ్" అని ఒక్క మాట. డబ్బు చేతులు మారే ఉద్యోగం కాబట్టి 420 అన్న అంకె కనబడగానే కంపెనీ రెండో ఎంట్రీని పట్టించుకోవడమే మానేసింది. నిజానికి మొదటిది అతనిది కాదు. రెండోది అతనిదే.

ముందు రిపోర్టు చేతికి రావాలి

ఇక్కడ చాలామంది చేసే తప్పు, ఫోన్‌లోనే వాదనకు దిగడం. ఏ కోర్టు, ఏ నంబరు, ఏ తేదీన వెతికారు అన్నది తెలియకుండా "నా మీద ఏ కేసూ లేదు" అంటే, రెండో ఎంట్రీ నిజమని తేలిన రోజు మొదటి దాని గురించి చెప్పిన నిజం కూడా అబద్ధంలాగే వినబడుతుంది. కాబట్టి అదే రోజు మెయిల్ పెట్టి నాలుగు అడగాలి: రెండు కేసుల సీఎన్ఆర్ నంబర్లు, వెతికిన తేదీ, పేరుతో పాటు ఇంకే వివరం సరిపోయిందన్న సంగతి, తాను సంతకం చేసిన కన్సెంట్ ఫారం కాపీ.

రిపోర్టు గోప్యం, ఇవ్వలేం అంటారు. మొత్తం ఇవ్వక్కర్లేదు, ఆ రెండు సీఎన్ఆర్‌లు చాలు. సీఎన్ఆర్ అంటే 16 అక్షరాల కోడ్: మొదటి రెండూ రాష్ట్రం, తర్వాతి రెండూ జిల్లా, రెండంకెలు కోర్టు, ఆరంకెలు వరుస నంబరు, చివరి నాలుగూ సంవత్సరం. అది ఉంటే కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైట్‌లో కేసు ఎవరికైనా అర నిమిషంలో తెరుచుకుంటుంది.

వెతికిన తేదీ ఎందుకంటే, ఏజెన్సీలు అన్నిసార్లూ కోర్టు సైట్‌లో నేరుగా వెతకవు. ఎప్పుడో దించుకున్న డేటాబేస్‌లో వెతుకుతాయి. కోర్టులో కేసు కొట్టేసినా, రాజీ అయినా ఆ కాపీలో "పెండింగ్" అనే ఉండిపోతుంది.

ఈ ఏడేళ్ల లెక్క ఎక్కడిది?

కన్సెంట్ ఫారంలో "గత ఏడేళ్ల కోర్టు రికార్డు" అని ఉంది. మన చట్టంలో అలాంటి గడువేదీ లేదు. అది అమెరికా ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం నుంచి వచ్చిన అలవాటు. అక్కడ శిక్ష పడని అరెస్టు రికార్డును సాధారణంగా ఏడేళ్లు దాటాక రిపోర్టులో పెట్టకూడదు, శిక్ష పడితే ఆ పరిమితి లేదు. అదే చట్టం ఇంకో మాట కూడా చెప్పింది: రిపోర్టు ఆధారంగా ఉద్యోగం నిరాకరించే ముందు దాని కాపీ అభ్యర్థికి ఇవ్వాలి. హైటెక్ సిటీ ఫారాల్లోకి ఏడేళ్లు దిగుమతి అయ్యాయి, ఆ కాపీ మాత్రం కస్టమ్స్‌లోనే ఆగిపోయినట్టుంది.

పైగా ఇక్కడ ఏడేళ్ల లెక్క సరిగ్గా కుదరదు. ఈ-కోర్ట్స్‌లో పేరుతో వెతకాలంటే రిజిస్ట్రేషన్ సంవత్సరం ఇవ్వాలి. అది గొడవ జరిగిన సంవత్సరం కాదు, ఎఫ్ఐఆర్ సంవత్సరమూ కాదు. చార్జిషీట్ కోర్టుకు చేరి, సీసీ నంబరు పడిన సంవత్సరం. 2019 ఎఫ్ఐఆర్‌కు 2021లో సీసీ నంబరు పడటం మామూలే.

ఏది తెరిచి ఉంది, ఏది మూసి ఉంది

ఈ ఫైలుకు ఆయువుపట్టు ఇదే, అందుకే కాస్త నిదానంగా చెబుతాం.

ఈ-కోర్ట్స్ పేజీలో నిందితుడి పేరు, సెక్షన్లు, పోలీస్ స్టేషన్, ఎఫ్ఐఆర్ నంబరు, వాయిదాల చరిత్ర, ముగిసిన కేసైతే ఎలా ముగిసిందన్న ఒక ముక్క కనిపిస్తాయి. తండ్రి పేరు, వయసు, ఇంటి చిరునామా చాలా కేసుల్లో కనిపించవు. గోప్యత కోసమే ఆ దాపు, మంచిదే. అయితే పేరు తెరిచి ఉంచి, ఆ పేరు ఎవరిదో తేల్చే గుర్తులు మూసేస్తే, దెబ్బ పడేది అదే పేరున్న పక్కవాడికి.

చార్జిషీట్ సంగతీ అంతే. చార్జిషీట్లు పబ్లిక్ డాక్యుమెంట్లు కావు, వాటిని వెబ్‌సైట్‌లో పెట్టాలని ఆదేశించలేం అని సుప్రీంకోర్టు 2023 జనవరిలో తేల్చింది. ఎఫ్ఐఆర్ మాత్రం వేరు. 2016లో అదే కోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం ఎఫ్ఐఆర్‌ను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలి, నెట్ సౌకర్యం లేని చోట 72 గంటల దాకా వెసులుబాటు. లైంగిక నేరాలు, పోక్సో, ఉగ్రవాదం వంటి సున్నితమైన వాటికి మినహాయింపు. అంటే ఆరోపణ మొదలైన కాగితం అందరికీ దొరుకుతుంది, దర్యాప్తు ఎటు పోయిందో చెప్పే కాగితం దొరకదు. ఈ ఫైలులో మొదటి ఎంట్రీని కొట్టేయడానికి మాత్రం ఆ తెరిచి ఉన్న ఎఫ్ఐఆరే పనికొచ్చింది.

మొదటి ఎంట్రీ: పేరు కవల

తెలుగు పేర్లతో వచ్చే చిక్కు బయటి సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. శ్రీనివాస్ అన్న పేరు చూడండి. ఇంగ్లిషులో ఎస్ పక్కనే ఆర్ రాసేవాళ్లున్నారు, మధ్యలో హెచ్ పెట్టేవాళ్లున్నారు, ఐకి బదులు రెండు ఈలు రాసేవాళ్లు, చివర ఎ తగిలించేవాళ్లూ ఉన్నారు. ఇంటిపేరు ఆధార్‌లో పూర్తిగా, టెన్త్ మెమోలో ఒక అక్షరంగా, ఎఫ్ఐఆర్‌లో అసలు లేకుండా ఉంటుంది. మహమ్మద్ అన్న పేరైతే పూర్తిగానో, పొట్టిగానో, ఒట్టి ఎండీ అనో రాస్తారు. స్టేషన్‌లో రైటర్ ఎలా విన్నాడో అలాగే కోర్టుకు చేరుతుంది.

సరిగ్గా వెతకాలంటే ఎంత పనో లెక్కేద్దాం. నాంపల్లి, కూకట్‌పల్లి, మల్కాజ్‌గిరి, ఎల్బీ నగర్, సొంతూరు హనుమకొండ: ఐదు కోర్టు కాంప్లెక్సులు. ఏడేళ్ల గడువు ఎనిమిది క్యాలెండర్ సంవత్సరాల్ని తాకుతుంది. స్పెల్లింగులు ఆరు అనుకుంటే 5 × 8 × 6 = 240 సార్లు, ప్రతిసారీ క్యాప్చా. ఇంత పని చేతితో ఎవరూ చేయరు. పేరులో మొదటి కొన్ని అక్షరాలతో డేటాబేస్‌ను జల్లెడ పడతారు, వచ్చిన వాటిలో ఊరు కలిసినదాన్ని "పాసిబుల్ మ్యాచ్" అని రాస్తారు. హెచ్ఆర్ దగ్గరికి చేరేసరికి "పాసిబుల్" అన్న మాట రాలిపోయి రంగు మిగులుతుంది.

ఈ ఫైలులో చేసింది ఇది. కేసు పేజీలో ఉన్న స్టేషన్ పేరు, ఎఫ్ఐఆర్ నంబరు, సంవత్సరం పట్టుకుని తెలంగాణ పోలీసు సైట్ నుంచి ఎఫ్ఐఆర్ దించారు. అందులో 7వ కాలమ్ నిందితుల వివరాలది. అక్కడ తండ్రి పేరు వేరు, వయసు 42, వృత్తి చిట్టీల వ్యాపారం, చిరునామా జగద్గిరిగుట్ట. పక్కన పెట్టింది అభ్యర్థి టెన్త్ మెమో. పుట్టిన తేదీ, తండ్రి పేరు రెండూ ఒకే కాగితంలో, ఏ గొడవకూ ముందెప్పుడో అచ్చయి ఉంటాయి కాబట్టి ఆధార్ కంటే దీనికే బరువెక్కువ. ఆధార్‌లో చిరునామా ఎన్నిసార్లయినా మారుతుంది. దానికి తోడు, ఎఫ్ఐఆర్ నాటి రెంటల్ అగ్రిమెంట్.

ఒక జాగ్రత్త. 7వ కాలమ్‌లో "గుర్తు తెలియని వ్యక్తులు" అని ఉండి, దర్యాప్తులో తర్వాత నిందితుల్ని చేర్చిన కేసుల్లో ఎఫ్ఐఆర్‌తో పని జరగదు. అప్పుడు కోర్టులో కాపీ అప్లికేషన్ వేయాలి. కేసులో పార్టీ కానివాళ్లు ఎందుకు కావాలో చెబుతూ అఫిడవిట్ జత చేయాలి, జడ్జి అనుమతిస్తేనే కాపీ. సమాచార హక్కు చట్టం కింద అడిగి లాభం లేదు. కోర్టు ఫైళ్ల కాపీలు కోర్టు రూల్స్ ప్రకారమే తీసుకోవాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. డబ్బు ఖర్చు తక్కువే, పోయేవి రోజులు. 12 రోజుల గడువున్న మనిషి ఈ దరఖాస్తు మొదటి రోజే వేయాలి.

చాలామంది వంద రూపాయల స్టాంపు పేపరు మీద "ఆ కేసులో ఉన్నది నేను కాదు" అని నోటరీ చేయించి ఇస్తారు. హెచ్ఆర్‌లు అడుగుతారు కూడా. ఇవ్వండి, అయితే దాని మీద ఆశ పెట్టుకోకండి. అది అభ్యర్థి తన గురించి తానే చెప్పుకున్న మాట. ఒకే పేజీ మీద రెండు కాలమ్‌ల పట్టిక, ఎఫ్ఐఆర్‌లో ఏముంది, అభ్యర్థి కాగితాల్లో ఏముంది అన్నది, దానికంటే గట్టిగా పనిచేస్తుంది.

కూకట్‌పల్లి రికార్డులో ఇంకో మెలిక. 2022లో తెలంగాణలో జ్యుడీషియల్ జిల్లాలను కొత్త జిల్లాలకు తగ్గట్టు విడగొట్టారు. అంతకుముందు రంగారెడ్డి కింద ఉన్నవి మేడ్చల్-మల్కాజ్‌గిరికి, వరంగల్ కింద ఉన్నవి హనుమకొండకు వెళ్లాయి. ఇలా కేసు కోర్టు మారినప్పుడు ఒకే ఎఫ్ఐఆర్ రెండు ఎంట్రీలుగా, ఒకటి బదిలీగా ముగిసినట్టు, ఇంకొకటి పెండింగ్‌గా కనబడొచ్చు. మేజిస్ట్రేట్ దగ్గర పీఆర్సీ (ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు) నంబరుతో మొదలై, సెషన్స్ కోర్టుకు పంపాక ఎస్సీ (సెషన్స్ కేసు) నంబరు పడ్డ కేసులూ అంతే, ఒక్కటే కేసును రిపోర్టులో రెండుగా లెక్కేస్తారు. ఎంట్రీలు లెక్కపెట్టే ముందు ఎఫ్ఐఆర్ నంబర్లు లెక్కపెట్టాలి.

రెండో ఎంట్రీ: నిజమే, కానీ ముగిసింది

హనుమకొండ కేసు ఇంటి గోడ దగ్గర పక్కింటివాళ్లతో గొడవ. 323 అంటే సాధారణ దెబ్బ, 506 అంటే బెదిరింపు. అరెస్టు లేదు, విచారణకు రమ్మని 41ఏ నోటీసు ఇచ్చారు. తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 320(8) ప్రకారం రాజీకి వీలైన నేరంలో రాజీ అయితే అది నిర్దోషిగా విడుదలైనట్టే. దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్ఎస్ఎస్‌లో అదే 359వ సెక్షన్.

ఈ మాట రిపోర్టులో లేదు. "డిస్పోజ్డ్" అంటే శిక్ష పడి ముగిసిందా, కొట్టేశారా, రాజీనా తెలియదు. సైట్‌లో డిస్పోజల్ స్వభావం అన్న వరుస చూస్తే లోక్ అదాలత్ అని ఉంది, ఏజెన్సీ ఆ వరుస ఎత్తి రాయలేదు. ఆర్డరు అప్‌లోడ్ కాలేదు. లోక్ అదాలత్ కేసుల్లో ఇది మామూలే. అభ్యర్థి పార్టీయే కాబట్టి సర్టిఫైడ్ కాపీకి అనుమతి గొడవ లేదు, ఊళ్లో ఉన్న వకీలు దరఖాస్తు వేశాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఫారంలో లేదని ఎందుకు రాశాడు? ఫారం తెప్పించి చూస్తే అడిగింది ఇది: "మీరు ఎప్పుడైనా అరెస్టయ్యారా, లేదా మీకు శిక్ష పడిందా?" రెండూ జరగలేదు. "లేదు" అన్న జవాబు అక్షరాలా నిజం. కేసు నమోదైందా అని అడిగి ఉంటే అదే జవాబు అబద్ధమయ్యేది.

ఈ తేడా వకీళ్ల చమత్కారం కాదు. అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016లో వెరిఫికేషన్ ఫారాల గురించి వివరంగా చెప్పింది. సమాచారం నిజంగా, దాచకుండా ఇవ్వాలి. చిన్న నేరమైతే దాచినా యజమాని చూసీచూడనట్టు వదలొచ్చు. కేసు కొట్టేసినా పూర్వాపరాలు చూసే హక్కు యజమానికి ఉంటుంది. అయితే ప్రశ్న స్పష్టంగా ఉండాలి, స్పష్టంగా అడిగింది చెప్పకపోతేనే దాచినట్టు. ఆ తీర్పు ప్రభుత్వ ఉద్యోగాలది. ప్రైవేటు కంపెనీని అది నేరుగా కట్టిపడేయదు. పాత కేసు ఉందని ప్రైవేటు యజమాని ఉద్యోగం నిరాకరించకుండా ఆపే ప్రత్యేక చట్టం మనకు లేదు. అయినా కంపెనీ లీగల్ టీమ్ ఆ తర్కాన్ని గౌరవిస్తుంది, అందుకే మెయిల్‌లో ప్రస్తావించడం మంచిది.

మెయిల్ స్వరం ముఖ్యం. ఈ ఫైలులో మొదటి చిత్తుప్రతి ఫారం ప్రశ్నను పట్టుకుని వాదించింది. దాన్ని తిరగరాసి, ముందు కేసు ఉందని ఒప్పుకుని, సెక్షన్లు, అరెస్టు లేకపోవడం, రాజీ తేదీ చెప్పి, ఫారం మాటలు చివర్లో ఒక్క వాక్యంలో పెట్టారు. దాచే ఉద్దేశం ఉందా లేదా అన్నదే హెచ్ఆర్ చూసేది.

ఇంకొన్ని నంబర్లు, త్వరగా

డీవీసీ అంటే గృహహింస చట్టం కింద వేసిన దరఖాస్తు. మేజిస్ట్రేట్ కోర్టులో ఉంటుంది కాబట్టి ఏజెన్సీలు క్రిమినల్ అని రాసేస్తాయి. అడిగేవి రక్షణ, భరణం, ఇంట్లో ఉండే హక్కు వంటి సివిల్ ఊరటలే. ఎస్టీసీ (సమ్మరీ ట్రయల్ కేసు) నంబరుతో కనిపించేవాటిలో డ్రంకెన్ డ్రైవ్ ఒకటి. జరిమానా కట్టి వచ్చేశాం కదా అనుకుంటారు, కానీ మోటారు వాహనాల చట్టం 185 కింద అది శిక్షే. శిక్ష పడిందా అని ఫారం అడిగితే అవునని రాయాలి. ప్రొబేషన్ మీద వదిలిన కేసైతే ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం 1958లోని 12వ సెక్షన్ చూపించాలి. ఆ శిక్ష వల్ల అనర్హత అంటదు.

18 ఏళ్లలోపు జరిగిందైతే దారే వేరు. జువెనైల్ జస్టిస్ చట్టం 2015లోని 24వ సెక్షన్ ఆ అనర్హత తుడిచేస్తుంది. 74వ సెక్షన్ ప్రకారం కేసు ముగిశాక క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసమైనా సరే పోలీసులు ఆ రికార్డు బయటపెట్టకూడదు. పిల్లల కోర్టు పెద్దవాడిగా విచారించి దోషిగా తేల్చిన ఘోరమైన నేరాలకు మాత్రం అనర్హత, రికార్డు రెండు విషయాల్లోనూ మినహాయింపు ఉంది. ఏజెన్సీ రిపోర్టులో అలాంటి ఎంట్రీ కనిపిస్తే, వివరణ రాసే పని అభ్యర్థిది కాదు. దాన్ని తీసేయమని అడగాలి.

తీయించేయలేమా?

ప్రతి అభ్యర్థీ అడిగే ప్రశ్న. నిర్దోషిగా బయటపడ్డా తీర్పు నెట్‌లో ఉండటం వల్ల ఉద్యోగాలు రావడం లేదని వెళ్లిన ఒకరికి 2021లో ఢిల్లీ హైకోర్టు మధ్యంతర ఊరట ఇచ్చింది, తీర్పును సెర్చ్ ఇంజన్లలో కనబడకుండా చేయమంది. 2022 డిసెంబరులో కేరళ హైకోర్టు, బహిరంగ న్యాయవిచారణ ఉన్న చోట మరుపు హక్కును (తన పాత సమాచారాన్ని నెట్ నుంచి తీయించుకునే హక్కును) అలా వాడలేమంది. 2024 ఫిబ్రవరిలో మద్రాసు హైకోర్టు నిర్దోషి పేరు తీర్పు నుంచి తీసేయమంది. అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. కాబట్టి దారి పూర్తిగా మూసుకుపోలేదు, అలాగని హైకోర్టుకెళ్లి 12 రోజుల్లో తేల్చుకునే పనీ కాదు. రాజీ అయిన చిన్న కేసుకు రిట్ వేస్తే ఆ రిట్ మరో ఎంట్రీ అవుతుంది. మేమైతే వద్దనే చెబుతాం.

డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023 మీద ఆశ పెట్టుకునేవాళ్లున్నారు. రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, కంపెనీల మీద ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. చట్టంలోని 8(3) సెక్షన్ పనికొచ్చేది: ఒకరి గురించి నిర్ణయం తీసుకోవడానికి వాడే డేటా పూర్తిగా, సరిగ్గా ఉండేలా చూడాలి. చట్టప్రకారం బహిరంగం చేసిన డేటాకు ఈ చట్టం వర్తించదన్న మినహాయింపూ ఉంది. కోర్టు సైట్‌లోది ఆ మినహాయింపు కిందికి వస్తుందని ఏజెన్సీలు వాదిస్తాయి. సైట్‌లో ఉన్న ముక్కకు ఆ వాదన నిలిస్తే నిలవచ్చు. అయితే ఆ ముక్కను ఫలానా అభ్యర్థికి తగిలించి "రెడ్" అని రాయడం ఏజెన్సీ సొంతంగా తయారుచేసిన కొత్త డేటా. అది ఏ కోర్టూ ప్రచురించలేదు.

కంపెనీ చేసింది

అయిదో రోజు పట్టిక, టెన్త్ మెమో, ఎఫ్ఐఆర్ వెళ్లాయి. ఏజెన్సీ మొదటి ఎంట్రీని తీసేసింది. తొమ్మిదో రోజు లోక్ అదాలత్ కాపీ వచ్చింది. కంపెనీ రెండో ఎంట్రీని "వెల్లడించారు, రాజీ అయింది" అని మార్చి, జాయినింగ్‌ను వారం వెనక్కి జరిపింది. ఆ వారం జీతం పోయింది, దానికి ఎవరూ పూచీ లేదు.

కంపెనీ తన పద్ధతిలో మార్చుకున్నవి రెండే. రెడ్ వస్తే నిర్ణయానికి ముందు అభ్యర్థికి ఎంట్రీ వివరాలిచ్చి ఐదు పనిదినాలు ఆగడం. తండ్రి పేరు, వయసు, చిరునామాల్లో కనీసం రెండు సరిపోకపోతే ఏజెన్సీ రెడ్ రాయకూడదని కాంట్రాక్టులో పెట్టడం.

ఏజెన్సీ ఈ కంపెనీ రిపోర్టు సరిచేసింది గానీ, మూల డేటాబేస్‌లో ఆ పేరు అలాగే ఉంది. రేపు ఇంకో కంపెనీ ఇంకో ఏజెన్సీతో వెతికిస్తే కూకట్‌పల్లి సీసీ మళ్లీ పైకొస్తుంది. అందుకే అభ్యర్థి ఒక కవరు ఉంచుకోవాలి: సవరించిన రిపోర్టు మెయిల్, పట్టిక, లోక్ అదాలత్ సర్టిఫైడ్ కాపీ, ఎఫ్ఐఆర్. ఎఫ్ఐఆర్‌ను బయటికి పంపేటప్పుడు మాత్రం జగద్గిరిగుట్ట మనిషి ఇంటి నంబరు, ఫోన్ నంబరు, ఫిర్యాదుదారు వివరాలు నల్లగా కొట్టేయాలి. తండ్రి పేరు, వయసు, పేట పేరు ఉంటే పోల్చడానికి చాలు. ఆయన కేసు ఇంకా నడుస్తోంది, ఆయన కూడా ఎక్కడో ఉద్యోగం వెతుక్కుంటూ ఉండొచ్చు.